పేరడిగిన మనిషి

రాయ్‌పూర్ కోర్టు వరండాలో ఆ కళ్లజోడు మనిషి మొదట అడిగింది ఒక్కటే.

"అమ్మా, మీ ఆయన పేరేమిటి?"

దాలమ్మకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని మగాడు వచ్చి మొగుడి పేరు అడగడమేమిటి!

"మొగుడి పేరు నోటెంట అంటారేటి బాబూ ఎక్కడైనా?" అని, తోడొచ్చిన పక్కింటి అన్నమ్మను మోచేత్తో పొడిచింది. "నువ్వు సెప్పవే."

"బంగారయ్య," అంది అన్నమ్మ. "రైల్వేలో కలాసీ. ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. అలిగి నాగపూర్ గాడీ ఎక్కీసినాడు. నాలుగేళ్లయినాది, మరి రాలేదు."

దాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు వింటే చాలు, ఆమెకు కన్నీళ్లాగవు.

ఎనభై ఆరో సంవత్సరం అది. శంకర్ నగర్‌లో ఆమె అంట్లు తోమే ఇంట్లో వజ్రాల హారం పోయింది. ఇంటాయన పలుకుబడి అంతా ఇంతా కాదు. పోలీసులు ఢిల్లీ నుంచి అబద్ధాలు పట్టే మిషన్ తెప్పించి దాలమ్మకు తగిలించారు. ఆమె అబద్ధమాడుతోందని అది తేల్చేసింది. ఇంకేముంది? మనిషి మాటకంటే మిషన్ మాటే గొప్పాయె!

"మిషన్ పెట్టిన రోజు కూడా ఆ పేరు అడిగారా?" అన్నాడాయన.

"మొట్టమొదట అదే. లేడీ పోలీసు గద్దించి మరీ నా నోటితోనే సెప్పించినాది. మిషనోడు నా ఎనక తెర సాటున కూకున్నాడు. ఆడి సేతులు పడిపోను! నన్ను దొంగని సేసీసినాడు."

అన్నమ్మ కూడా రెండు తిట్లు అందించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పేరు చెప్పినప్పుడు నీకేమైంది?"

"ఏటవుద్ది? గుండె దడదడలాడిపోనాది. బుద్ధెరిగాక ఆ పేరు పలకడం అదే మొదలు. ఆయనే ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయినాది. తర్వాత ఆళ్లేటి అడిగినారో, నానేటి సెప్పినానో... ఆయన్నే తలుసుకుంటా కూకున్నాను."

"జైలంటే భయమా?"

"జైలుకి కాదు బాబూ. నాను ఆడ కూకుంటే, ఈలోగా ఆయనొచ్చి తలుపు కొడితే తీసేదెవలు? తాళం సూసి మళ్లీ ఎల్లిపోతాడు."

అని భోరుమంది.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. కళ్లజోడాయన బోనెక్కి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. దాలమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. సర్కారు వకీలు మధ్యమధ్య కేకలేశాడు, బల్ల చరిచాడు. ఆయన తగ్గలేదు. దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే దాలమ్మను వదిలేశారు.

"మిషన్ మాట చెల్లదని జడ్జిగారు రాసేశారు. ఇంటికి పో," అన్నాడు ఆమె తరఫు వకీలు వెంకటరత్నం.

"ఆ కళ్లజోడు బాబు ఏటి సెప్పినాడు మరి?"

"నువ్వు నిజం చెప్పిన చోటే, మొగుడి పేరు దగ్గరే, మిషన్‌లో ముల్లు అన్నిటికన్నా ఎక్కువ ఎగిరిందట. హారం మాటకొచ్చేసరికి అది ఇంకా దిగనే లేదట. బెంగకీ అబద్ధానికీ ఆ ముల్లుకు తేడా తెలియదన్నాడు."

దాలమ్మ కళ్లొత్తుకుంది. "మీ కింద పనిసేసే బాబే కదా? ఒక్కసారి పిలవండి, దండం ఎట్టుకుంటాను."

"నా మనిషి కాదమ్మా. సర్కారు సాక్షిగా వచ్చి అడ్డం తిరిగాడని ఉద్యోగంలోంచి తీసేశారు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు," అన్నాడు వెంకటరత్నం. "ఆ రోజు తెర చాటున కూర్చుని నీ మీద మిషన్ నడిపింది ఆయనే."