సీసా మీద ముఖం

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. మనవరాలి పలక మీద దిద్ది నేర్చుకున్న చదువు నాది. చెయ్యి నిదానం. ఈ చిన్న కథ రాయడానికే వారం పట్టింది. చదవడానికి మీకు అంతసేపు పట్టదులెండి.

కొడవలి దెబ్బకు మొదటి సీసా పగిలింది. మామిడికాయ ముక్కలు, నూనె గచ్చు మీద ఎర్రగా పరుచుకున్నాయి.

“యాడే నీ మొగుడు?” అన్నాడు వచ్చినవాడు వరలక్ష్మమ్మతో.

వడమాలపేటలో ఆ ఇల్లే ఆమె ఊరగాయల కంపెనీ. వసారాలో సీసాలకు మూతలు బిగిస్తున్న పనిమనిషి దేవకమ్మ లేచి అడ్డం పోయింది.

“ఎవురప్పా నువ్వు? మిట్టమధ్యాన్నం ఆడోళ్లుండే ఇంట్లోకి కొడవలి పట్టుకోని…”

కొడవలి పిడితో ఆమె నోటి మీద కొట్టాడు. దేవకమ్మ రెండు చేతులతో మూతి పట్టుకుని గోడవారన కూలబడింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది.

“నేనెవురో మీ యమ్మకు తెల్సు. అడుగు.”

వరలక్ష్మమ్మకు తెలుసు. గడ్డం పెరిగినా, జుట్టు నెరిసినా ఆదిమూలం కళ్లు మారలేదు. ఐరాలలో చెరుకుతోట గట్టు మీద తన భర్త చెంగయ్యను నరికి పారిపోయినవాడు. పోలీసులకు ఇంతవరకూ దొరకలేదు.

ఆదిమూలం ఇంకో సీసా అందుకుని, దాని మీద ఉన్న ఫోటోను ఆమె ముఖం పక్కన పెట్టి చూశాడు.

“నీదే. రూపాయి కాసంత బొట్టు, తలనిండా పూలు. బెంగుళూరులో మా రూములో పిల్లోళ్లు కంప్యూటర్లో సూస్తా ఉండారు. ఆర్కుట్టంట. ‘అన్నా, ఈయమ్మ మొగం సూస్తానే ఆకలేస్తా ఉండాది’ అని నన్ను పిలిచినారు. పొయ్యి సూస్తే నువ్వు!”

సీసాను గోడకేసి కొట్టాడు.

“వాడు సచ్చినాడని ఊరిడిసినా. పేరు మార్చుకున్నా. మా నాయన పోతే కొరివి పెట్టేదానికి గూడా రాలా. వాడేమో బతికి, పెండ్లాన్ని ముందర పెట్టుకోని ఊరగాయలమ్ముకుంటా ఉండాడు! అందురూ కలిసి సచ్చినాడని పుకారు లేపినారా?”

లోపల్నుంచి జాహ్నవి పరుగెత్తుకొచ్చింది. వరలక్ష్మమ్మ కూతురు, తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. నెట్ సెంటర్లో కూర్చుని ఆర్కుట్‌లో తల్లి ఫోటో పెట్టింది, కింద ఇంటి చిరునామా రాసింది ఆ పిల్లే. రెండు జాడీలతో మొదలైన ఊరగాయలకు బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి ఆర్డర్లు తెప్పించిందీ ఆ పిల్లే.

“ఫోటో నేను పెట్టినా. అమ్మనేం చెయ్యొద్దు!”

ఆదిమూలం ఆమె జడ పట్టి లాగి మెడకు కొడవలి ఆనించాడు.

“మంచి పని చేసినావు పాపా. మీ నాయన యాడుండాడో అదీ చెప్పు.”

“నాయన…” జాహ్నవి తల్లివైపు చూసింది.

“నోరు ముయ్యి!” అని అరిచింది వరలక్ష్మమ్మ.

కొడవలి కొద్దిగా కదిలింది. జాహ్నవి మెడ మీద సన్నటి ఎర్రగీత పడింది.

“అరుస్తావేందే? దీని నెత్తురు గూడా సీసాలో పట్టి అమ్ముకుంటావా?”

“దాన్నిడిసిపెట్టప్పా. ఆయన కొట్టుగదిలో ఉండాడు. లేసేదానికి చేతగాదు. నీ కాళ్లు పట్టుకుంటా, ఏం చెయ్యొద్దు.”

నిజంగానే వంగి కాళ్లు పట్టుకుంది. ఆదిమూలం జాహ్నవిని అవతలికి తోసి, వరలక్ష్మమ్మ రొమ్ము మీద తన్నాడు. ఆమె పగిలిన సీసాల మీద పడింది. చేతి గాజులు విరిగి మణికట్టులో దిగాయి.

కొట్టుగది తలుపును కాలితో తన్ని, కొడవలి ఎత్తి లోపలికి దూకాడు. మిరపకారం బస్తాలు నిల్వచేసే గది అది. కిటికీ లేదు.

“లెయ్‌రా చెంగా! ఆ పొద్దు మూడు దెబ్బలు సాల్లేదా నీకు?”

మూలన దుప్పటి కప్పి ఎవరో పడుకున్నట్టుంది. గట్టిగా నరికాడు. బస్తా చీలింది. మిరపకారం గుప్పున లేచింది. కళ్లు మండి, దగ్గుతూ గోడకు ఆనుకున్నాడు. అక్కడ చిన్న దీపం వెలుగుతోంది. దీపం పైన చెంగయ్య ఉన్నాడు, పూలదండ వేసిన ఫోటోలో.

అతని వెనక గది తలుపు ధడాలున మూసుకుంది. ఇనుప గడియ పడింది.

“విన్నావా దేవకమ్మా, మూడు దెబ్బలంట. పోలీసోళ్లకు గూడా ఇట్లే చెప్పు,” అంది వరలక్ష్మమ్మ ఆయాసపడుతూ. “పాపా, ఫోన్ చెయ్యి.”

లోపల కొడవలి తలుపు మీద పడుతోంది. “తియ్యే! బొట్టు పెట్టుకోనుండావు గదే!” దగ్గు తెరలో మాట తెగిపోయింది.

జాహ్నవి మెడ పట్టుకుని కదలకుండా నిలబడింది. “అమ్మా… సీసాల మీదికి బాగుంటాదనే గదా బొట్టు పెట్టుకోని ఫోటో దిగింది? ఊర్లో అంతమంది నవ్వినా తుడవలేదే!”

వరలక్ష్మమ్మ మణికట్టులోంచి గాజుముక్క పీకేసింది. కొంగు తడి చేసుకుని నొసలు అదిమి తుడిచింది.

“ఊరగాయలకెందుకు పాపా బొట్టు? వాడు యాడుండాడో మనకు తెలీదు. మీ నాయన బతికుండాడని తెలిస్తే వాడే వస్తాడని పెట్టుకున్నా.”

— శకుంతలమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు చంద్రగిరిలో కూతురి దగ్గర ఉంటున్నాను.