కింది వరస

వ్యాను ముందు పడి ఉన్నది ఎవరిదో స్కూలు సంచీ అనుకున్నాడు డ్రైవరు.

సంచీ లేచి నిలబడింది.

ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. వ్యానులోని పధ్నాలుగుమంది పిల్లలూ ముందుకి తూలి కెవ్వుమన్నారు.

బూటు లేసు కట్టుకోడానికి వంగిన పాప, పనైపోయాక, ఏమీ ఎరగనట్టు గేట్లోకి పరిగెత్తింది.

"తాతా, చూసుకోలేదా?" అంది పక్క సీట్లోంచి మనవరాలు చిట్టి.

"చూశానే. ఊరికే మిమ్మల్ని ఆటపట్టిద్దామని," అన్నాడు. బండి మళ్ళీ కదిలించడానికి మాత్రం తాళం మూడుసార్లు తిప్పాల్సొచ్చింది.

ఆర్నెల్లుగా ఇదే తంతు. ఎదుటివన్నీ పొగలో ఉన్నట్టే ఉంటున్నాయి. ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో చెబితే స్కూలుకి తెలియడం ఎంతసేపు?

రేపటితో లైసెన్సు గడువు సరి. యాభై దాటినవాళ్ళకి కళ్ళ పరీక్ష కానిదే మళ్ళీ ఇవ్వరు. లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే, డ్రైవరు మనవరాలని ఊరికే చేర్చుకున్న చిట్టికి ఆ బడీ లేదు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లైసెన్సు ఆఫీసు మెట్లెక్కాడు. ఎక్కడమేం ఎక్కాడు! మూడో మెట్టు కనపడక బోర్లా పడబోయాడు.

ఎవరో రెక్క పట్టుకుని ఆపారు. చంకలో గొడుగు, మాసిన చొక్కా, ఓ ముసలాయన. పరీక్ష గది బయట బల్ల మీదికి నడిపించుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"కళ్ళ పరీక్షకేనా నాయనా?"

"ఊఁ."

"ఏం నడుపుతావు?"

"స్కూలు వ్యాను."

ముసలాయన పక్కనే చతికిలబడ్డాడు.

"భయంగా ఉందా?"

ఈ ఆర్నెల్లలో ఆ మాట అడిగిన నాథుడు లేడు. డ్రైవరుకి ఏడుపు తన్నుకొచ్చింది.

"చచ్చేంత భయంగా ఉంది బాబాయ్. ఏదీ కంటికి ఆనట్లేదు. పొద్దున్నే ఓ పాపని..."

"పాపని?"

"ఏం కాలేదు. వెంట్రుకవాసిలో తప్పింది."

ముసలాయన గొడుగు పిడి గట్టిగా పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగాడు.

"బోర్డు మీద కింది వరస ఒక్కటే అడుగుతారు. ఎనిమిది, మూడు, ఐదు, రెండు, తొమ్మిది. బట్టీ పట్టెయ్."

"నిజంగానా!"

"ఏళ్ళ తరబడి ఈ బల్ల మీదే కూర్చుంటున్నా. నాకు తెలీదూ?"

దేవుడల్లే దొరికావయ్యా అంటూ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు డ్రైవరు. పిలుపొచ్చేదాకా ఆ ఐదంకెలే జపం.

గదిలో డాక్టరమ్మ ఉంది. గోడ మీద తెల్లగా ఏదో మసక.

"కింది వరస చదవండి."

గొంతు సవరించుకుని గడగడా అప్పజెప్పాడు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాడు. ఈసారి కాస్త ధీమాగా కూడా.

"బాబాయిగారూ, ఆ బోర్డు మీద అంకెలే లేవు. అన్నీ బాణం గుర్తులు."

దొంగకి తేలు కుట్టినట్టయింది.

ఆవిడ లైటు వేసి రెండు కళ్ళూ చూసింది.

"షుగరుందా?"

"ఉందన్నారమ్మా ఎప్పుడో."

"కళ్ళకెక్కింది. లోపల రక్తం ఊరుతోంది. రేపే పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవారు."

ఆ మాటలు తలకెక్కితేగా! దరఖాస్తు మీద ఎర్ర ముద్ర పడింది. అదొక్కటీ స్పష్టంగా కనపడింది.

బయటికొస్తూనే ముసలాయన చొక్కా పట్టుకున్నాడు.

"నీకేం ద్రోహం చేశానయ్యా? నా పొట్ట కొట్టావు! నా చిట్టి చదువు గంగలో కలిపావు!"

"పాసవ్వలేదా?"

"ఎలా అవుతాను!"

"అమ్మయ్య," అన్నాడు ముసలాయన. కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ అమ్మయ్యకి డ్రైవరు ఒళ్ళు మండిపోయింది. ఒక్క తోపు తోశాడు. ముసలాయన బల్ల మీద కూలబడ్డాడు. గొడుగు మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఆసుపత్రి, కళ్ళలో సూదులు, రోజూ బెంగ. స్కూలువాళ్ళు మాత్రం ఉద్యోగం తియ్యలేదు. కళ్ళు బాగయ్యేదాకా గేటు దగ్గర పిల్లల్ని దింపమన్నారు. ఇన్నాళ్ళూ నోరు విప్పనందుకు నాలుగు చీవాట్లు పెట్టి మరీ ఉంచారు.

నాలుగో నెలలో ఓ పొద్దున, గేటు ముందు ఓ పాప వంగి లేసు కట్టుకుంటోంది. జడకి నీలం రిబ్బను. రిబ్బను మీద తెల్ల చుక్కలు. ఒక్కో చుక్కా కనపడింది.

ఆ పాపే.

డ్రైవరు అక్కడే గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ పూటే లైసెన్సు ఆఫీసుకి పరిగెత్తాడు.

బల్ల ఖాళీగా ఉంది.

"గొడుగు తాతయ్యా? పోయిన నెల కాలం చేశాడు," అన్నాడు అటెండరు.

డ్రైవరు ఆ ఖాళీ బల్ల మీద కూలబడ్డాడు.

"నేను... నేనాయన్ని తోసేశానయ్యా. ఇంతకీ ఎవరాయన? ఇక్కడ పనిచేసేవాడా?"

"పనా పాడా! స్కూలు వ్యాను నడిపేవాడు. తొమ్మిదేళ్ళ కిందట లైసెన్సు రెన్యువలుకి వచ్చాడు. అప్పట్లో బోర్డు మీద అంకెలే ఉండేవి."

"అంకెలా?"

"ఎనిమిది, మూడు, ఐదు, రెండు, తొమ్మిది. ఎవరో చెబితే బట్టీ పట్టి పాసయ్యాడు. ఆ సాయంత్రమే, ఇంటి ముందు వ్యాను కింద పడ్డది స్కూలు సంచీ అనుకుని దిగి చూస్తే, సొంత మనవరాలు."