చివరి మలుపులో ఇంకో మొహం

"బాబాయ్, నీ పక్కన ఎవరు?" ఫొటోలమ్మే అమ్మాయి కంప్యూటర్‌ను అతని వైపు తిప్పింది.

పార్కులోని దయ్యాల కొంపలో దయ్యం వేషం అతనిదే. జనం ఎక్కిన బండి చివరి మలుపు తిరగగానే మీదికి దూకుతాడు. అప్పుడే కెమెరా దానంతటదే ఫొటో తీస్తుంది.

ఫొటోలో జనం కేకలు పెడుతున్నారు. వెనక అతను. అతని భుజం పక్కన, చీకట్లో, ఇంకో మొహం.

"ఏదో బొమ్మ అయ్యుంటుంది."

"ఆ మలుపులో బొమ్మల్లేవుగా!"

"అయితే అద్దం."

"అద్దమైతే అందులోనూ నువ్వు నోరు తెరిచే ఉండాలి. ఇది నోరు మూసుకుని నిన్నే చూస్తోంది."

అతను వంగి చూశాడు. నిజమే. జనాన్ని కాదు, తననే చూస్తోంది.

"మేనేజరుకి చెప్పి గేటు దగ్గర పని వేయించుకో, బాబాయ్."

"వద్దమ్మా."

"భయమెయ్యట్లేదా?"

"ఎందుకెయ్యదు? కానీ అక్కడ నేను కనబడగానే అందరూ కళ్లు మూసేసుకుంటారు. ఇంటికెళితే చూసేవాళ్లే లేరు. ఎవరో ఒకరు, చూడనీ."

అమ్మాయి మళ్లీ ఫొటో వైపు చూసింది. రోజూ అతనున్న ఫొటోలే అమ్ముతున్నా, కొనేవాళ్ల మొహాలు తప్ప అతని మొహం తనూ ఎన్నడూ సరిగ్గా చూడలేదు.

గంట మోగింది. అతను విగ్గు సర్దుకుని బయల్దేరాడు.

"బాబాయ్, ఈ బండి అయ్యాక ఇటొచ్చెయ్. కూర్చుని టీ తాగుదాం."

అతను ఆగి, ఆమె పిలిచింది ఎవరినా అన్నట్టు చుట్టూ చూశాడు.