పిట్ట ముట్టింది

విస్తరాకుల మటన్ కూర చల్లారిపోతుంది. చెట్టు మీద కాకులున్నయి గని ఒక్కటన్న కిందికి దిగుతలేదు.

శ్రీరాంపూర్ దగ్గర గోదావరి ఒడ్డున, బాలలక్ష్మి కొడుకు చనిపోయిన మూడోనాడు పిట్టకు, అంటే కాకికి, కూడు పెట్టిండ్రు. పిట్ట ముట్టకుంటే పోయినోని పానం ఇంకా దేనిమీదనో కొట్టుకుంటున్నట్టే.

"నీ పెండ్లాన్ని కడుపుల పెట్టుకొని చూసుకుంటం కొడకా," అన్నది తల్లి బాలలక్ష్మి. కాకి కదలలే.

"నీ బిడ్డను మంచిగ సదివిస్తం రా," అన్నడు మేనమామ. అయినా రాలే.

బాలలక్ష్మి వెనక్కి తిరిగింది. వాన్ని ఆఖరి దాకా చూసిన డాక్టర్ అతియా కరీంనగర్ నుంచి వచ్చి దూరంగ నిలబడ్డది.

"డాక్టరమ్మా, జరం తగ్గినంక నా గుండె ఎందుకు వాచిందని వాడు నిన్నే అడిగిండు గద. గా మాట మీదనే ఉన్నట్టుండు. నువ్వన్న వానికి జర చెప్పు బిడ్డా."

అతియా విస్తరాకు ముందు కూసున్నది. "ఎందుకొచ్చిందో నేను కనుక్కుంటా తమ్మీ. ఇంకొకరికి గిట్ల కాకుండ చూస్తా."

కాకి దిగింది. ముక్క కరుచుకొని ఎగిరిపోయింది.

"నమ్మిండు! నా కొడుకు నీ మాట నమ్మిండు!" బాలలక్ష్మి ఆమె చేతులు పట్టుకొని బోరున ఏడ్చింది.

పొద్దున అతియా ఇటు వచ్చే బస్సుల ఉండంగనే ఆమె దవాఖాన పెద్దసారు ఫోన్ చేసిండు.

"గుండెవాపు మీద నీ పరిశోధనకు ఈసారి గూడ పైసలు రాలేదమ్మా. కొత్త డాక్టర్లకు ఇచ్చేదే లేదట. ఇగ ఆ పని బంద్ పెట్టు."

"సరే సార్," అని అతియా అప్పుడే ఒప్పుకున్నది.