ఏ సంఘంలోనూ లేని నిర్మలమ్మ

నిర్మలమ్మ తెల్లవారుజామున పోయింది. సాయంత్రంలోగా మట్టి చేయాలి. పూతలపట్టు అవతల ఆ పల్లెలో మూడు సంఘాలు. మూడింటికీ వేరువేరు సమాధుల తోటలు. పొరుగింటి తిరుమలయ్య చోటు అడగడానికి బయలుదేరాడు. నుదుట నామం పెట్టుకునే మనిషి. అడిగితే ఇస్తారులే అనుకున్నాడు పాపం.

మొదట గంట ఉన్న చర్చికి వెళ్లాడు. సుకుమార్ అయ్యగారు రిజిస్టరు తెరిచారు.

"సంఘమంటే తరతరాలుగా వస్తా ఉండేదప్పా. పసిబిడ్డప్పుడు బాప్తిస్మం, ఈ బుక్కులో పేరు. ఆయమ్మ వేరేవాళ్ల దగ్గరికి పోయి నీళ్లల్లో మునిగినాది. పేరు కొట్టేసినాము."

"చచ్చిపోయిన మనిషప్పా. ఆరడుగులే గదా."

"రూలు నాది కాదు. పైవాళ్లది."

పైవాళ్లంటే దేవుడు కాదు, బిషప్పుగారి డయాసిస్ ఆఫీసు.

తర్వాత గిరి బ్రదర్ హాలు. అక్కడ గంట లేదు. పాస్టరని పిలిస్తే కోపం కూడా.

"సంఘమంటే బిల్డింగు కాదు తిరుమలయ్యా. మునిగి, ఆదివారం ఆదివారం రొట్టె విరిచే విశ్వాసులు. ఆయమ్మను నేనే ముంచినాను. రెండేండ్లకే ఆ డ్రమ్ములోళ్ల దగ్గరికి పోయినాది. సహవాసంలోనించి తీసేసినాము."

మూడోది డ్రమ్ములు మోగే రేకుల షెడ్డు. పాస్టర్ భానుచందర్ మైకు పక్కన పెట్టి వచ్చాడు.

"సంఘమంటే ఆత్మతో నిండినవాళ్లు. ఆయమ్మ చేత ఇరవై ఒక్క రోజులు ఉపవాసం చేయించినాను. ఆత్మ దిగితే వచ్చే అన్యభాషల్లో ఒక్క మాట రాలేదు. ఎట్ల కలుపుకునేది?"

"ముసిలామె. తెలుగులో ప్రార్థన చేసుకునింది గదప్పా."

"తెలుగు చాలదు."

తిరుమలయ్యకు ఒళ్లు మండింది. ఆ ప్రభువే వచ్చి నిలబడినా ఈ ముగ్గురూ ఏ సంఘమని అడిగి పంపేసేలా ఉన్నారు. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి కాదనకుండా వెళ్లడమే ఆమె చేసిన తప్పు. ఇంక ఎవరినీ అడగకుండా తన మామిడితోట మూలలో గుంత తీయించాడు.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. ఒకరి పక్కన ఒకరు నిలబడలేదు. సంఘం తరఫున రాలేదని ఎవరికి వారే చెప్పుకున్నారు. ప్రార్థన ఎవరు చేయాలో తేలక ఎవరూ చేయలేదు.

పెట్టె దించాక, మొదటి పిడికెడు మట్టి కన్నకొడుకులే వేయాలి కాబట్టి, తిరుమలయ్య ఆమె పెద్దోడు సుకుమార్‌ను, నడిపోడు గిరిని, చిన్నోడు భానుచందర్‌ను చెయ్యి పట్టి గుంత దగ్గరికి లాక్కొచ్చాడు.