వదులు తాడు

"ఏదో పడినట్టుంది. ఏంటది అన్నయ్యా?"

కింద నుంచి జవాబు రావడానికి కాస్త సమయం పట్టింది.

"రాయిలే. నువ్వు కదలకు."

కదలడానికి పిచ్చుకకు దారి ఉంటేగా! రెండంతస్తుల మేడంత ఎత్తులో బండను కరుచుకుని ఉంది. పైన చేతికి పట్టు అందడం లేదు. ఎడమ కాలు దానంతటదే వణుకుతోంది. కాలేజీలో చేరిన ఆర్నెల్లలోనే కొండలెక్కే క్లబ్బులో పిచ్చుక అని పేరు తెచ్చుకున్న పిల్ల, ఇప్పుడు కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

రేపే ఎంపిక. వేసవిలో మంచుకొండల శిబిరానికి కాలేజీ మొత్తం మీద ఒక్కరినే పంపుతారు. ఈ బండ ఎక్కలేకపోతే ఆ ఆశ ఇక్కడితో సరి. అదే కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతున్న అన్నయ్య నిరుడు ఓడిపోయింది కూడా ఈ బండ మీదే.

పొద్దున దారిలో పేచీ అక్కడే మొదలైంది.

"ఇంకో ఏడాది ఆగవే, తొందరేముంది?" అన్నాడు.

"నీకు రాలేదని నాకూ రాకూడదా?" అంది.

ఆ మాటకు అన్నయ్య మొహం మాడిపోయింది.  వెనకనున్న కాలిబాటన కొండ మీదికి వెళ్ళి, చెట్టు మొదలుకు పట్టీ చుట్టి, కొక్కెం తగిలించి, అందులోంచి తాడు కిందికి వదిలింది ఆమే. ఒక కొస ఆమె నడుముకు, రెండో కొస కింద అన్నయ్య చేతుల్లోకి. ఎక్కేవాళ్ళకు పట్టు జారితే కిందివాళ్ళు తాడు బిగబడతారు. మనిషి వేలాడుతుందే తప్ప పడదు. ఒకరు తగిలించినదాన్ని ఇంకొకరు వెళ్ళి చూసి రావాలని క్లబ్బు ఆనవాయితీ.

"కొక్కెం నోటి మర బిగించావా? లేకపోతే తెరుచుకుంటుంది. నేనొచ్చి చూడనా?" అని అప్పుడు కింద నుంచి అరిచాడు అన్నయ్య.

"నేనింకా హైస్కూలు పిల్లననుకున్నావా? ఏం రానక్కర్లేదు!" అంది పిచ్చుక. అంచు దగ్గర తాడు ముళ్ళపొదలో చిక్కుకుంటోందని చూసింది గాని, ఆ కోపంలో దాన్నీ సర్దకుండానే దిగి వచ్చేసింది.

ఇప్పుడా కోపం ఎక్కడికి పోయిందో! వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"అన్నయ్యా, తాడు బిగించు. కాసేపు దాని మీద కూర్చుంటా. చేతులు పడిపోతున్నాయి."

"కూర్చోకు."

"ఒక్క నిమిషమే!"

"వద్దన్నానా! దిగు. ఎక్కిన దారినే దిగు."

"ఇప్పుడు దిగితే రేపూ దిగాల్సిందే. నీకు కావలసింది అదేగా?"

 తాడు ఆమె పొట్ట ముందు బట్టలారేసే తీగలా వదులుగా వేలాడుతోంది. విసుగ్గా దాన్ని పట్టుకుని లాగబోయింది.

"తాడు ముట్టుకోకు!"

ఆ అరుపుకు పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నయ్య గొంతు అంత పైకి లేవగా ఎప్పుడూ వినలేదు. కాలేజీలో చేర్చిన రోజు "దీన్ని నీ చేతుల్లో పెడుతున్నానురా" అని అమ్మ అంటే, బుద్ధిగా తలూపిన మనిషేనా ఇతను?

"కూర్చుంటా. ఎలా పట్టుకోవో చూస్తా," అంది మొండిగా.

"కూర్చున్నావంటే తాడు వదిలేసి పోతా. అమ్మ మీద ఒట్టు."

పిచ్చుకకు ఏడుపు ముంచుకొచ్చింది. చుట్టుపక్కల నరమానవుడు లేడు. క్లబ్బువాళ్ళు రేపటికి గాని రారు. తన బతుకు ఇంకొకరి పిడికిట్లో ఉండి, ఆ పిడికిలే పగబట్టినప్పుడు మనిషి చెయ్యగలిగేదేముంది? చెప్పినట్టు వినడం తప్ప. చెంప బండకు ఆనించి ముక్కు ఎగబీల్చింది.

"ఎడమ కాలు జానెడు కిందికి దించు. నల్లమచ్చ ఉందే, దాని మీదికి." అన్నయ్య గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. "ఆఁ, అదీ. ఇప్పుడు కుడి చెయ్యి. పైకి చూడకు. నన్నూ చూడకు. బండనే చూడు."

"నువ్వు రాక్షసుడివి."

"అవును. కుడి కాలు."

"అమ్మకు చెప్తా."

"చెబుదువు గాని. ముందు కాలు పెట్టు."

సగం దిగాక కుడి కాలు సర్రున జారింది. కింద అన్నయ్య నోటి నుంచి మాట కాని ఏదో మూలుగు వచ్చింది. గోళ్ళు విరిగేలా ఒక నెర్రెను పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. ఇంత జరిగినా తాడు వీసమెత్తు బిగుసుకోలేదు.

"చూశావా! నువ్వు పట్టుకోలేదు!" వెక్కిళ్ళ మధ్య అరిచింది.

"నువ్వు పట్టుకున్నావు కదరా తల్లీ. చాలు. ఇంకొంచెమే."

పాదాలకు నేల తగిలేసరికి పిచ్చుక మోకాళ్ళ మీద కూలబడింది. నడుముకున్న తాడు విప్పి విసిరికొట్టింది. వెనక్కి తిరిగితే అన్నయ్య కూడా నేల మీదే చతికిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుడి చెయ్యి జేబులోనే ఉంది.

"ఒంటిచేత్తో పట్టుకున్నావా తాడు? జేబులో చెయ్యి పెట్టుకుని తమాషా చూశావా? నేను ఓడిపోవాలని ఇంత చేస్తావా? ఛీ! ఇందాకటి ఆ రాయేదో నీ నెత్తిన పడాల్సింది!"

  అన్నయ్య జేబులోంచి చెయ్యి తీసి, ఆమె అరచేతిని దగ్గరికి లాక్కుని, పిడికిట్లో ఉన్నది అందులో పెట్టాడు.

అది రాయి కాదు, పొద్దున ఆమె పైన తగిలించిన కొక్కెం.