నాలుగో భటుడు

బొమ్మల పేరెత్తితే చాలు, హీరోగారికి ఒళ్లు మండిపోతుంది. మండదూ మరి! వయసులో ఉండగా గుర్రమెక్కి, కత్తి తిప్పి, కొండల మీంచి దూకి ఓ సాహస చిత్రం చేస్తే, హాల్లోంచి బయటికొచ్చిన జనం ఆయన ఊసే ఎత్తలేదు. రెండు తలల బల్లి బాగా నటించిందన్నారు. ఇనుప భటులు అదరగొట్టారన్నారు. ఆ కోపంతో ఆయన మళ్లీ ఆ సినిమా మొహం చూడలేదు.

ఇన్నాళ్లకు దాని హక్కులు కొన్నాడు. బొమ్మలన్నీ పీకేసి, వాటి చోట కంప్యూటర్ గ్రాఫిక్స్ పెట్టి మళ్లీ విడుదల చేస్తాడట. అల్లుడి స్టూడియో ఎలాగూ ఈగలు తోలుకుంటోంది.

బొమ్మలావిడను కూడా పిలిపించాడు. మర్యాదకి కాదు, ఎదురుగా కూర్చోబెట్టి దులపడానికి. జానెడు బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్లీ జరిపి ఇంకో ఫొటో తీస్తూ, తెర మీద ఆ బొమ్మల్ని నటుల పక్కన మనిషెత్తున నడిపిస్తూ, ఆవిడ తన వయసంతా ఆ సినిమాకే ధారపోసింది.

"ఏమ్మా, బొమ్మలాట మానేశావా, ఇంకా ఆడుతున్నావా?"

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. "ఒక్కటే అడుగుతాను బాబుగారూ. చూడగానే బొమ్మని తెలిసిపోయేవే తీసెయ్యండి. మిగతావి ఉండనివ్వండి. నేను చేసిన పనికి గుర్తుగా మిగిలింది అవే."

"సరే, మాటంటే మాటే. ఏది బొమ్మో నేనే చెబుతా. వెయ్యి అల్లుడూ!"

దేనికైనా తలూపే అల్లుడు కోట సీను వేశాడు. ఇనుప ముసుగుల కాపలా భటులు వరసగా నడిచొస్తున్నారు.

"చూశావా? ఇంత పెద్ద సీనులో హీరో మచ్చుకైనా లేడు! అన్నీ బొమ్మలే!" పళ్లు కొరుకుతూ హీరోగారు తెర దగ్గరికి వెళ్లాడు. "ఆగాగు. ఇదిగో, ఈ నాలుగోది! ఆ నడక చూడు, కర్రకి చొక్కా తొడిగినట్టు. మోకాలు వంగదు, మెడ తిరగదు. వీడు పట్టుకున్నది కత్తా, చీపురా? పక్కవాళ్లు కాస్త నయం, ప్రాణం ఉన్నట్టున్నారు. వీడు శుద్ధ మొద్దు!"

"అవును మామయ్యా," అన్నాడు అల్లుడు.

ఆవిడ తల దించుకుంది. "నిజమే బాబుగారూ. ఆ ఒక్కడితో నేనూ వేగలేకపోయాను. తీసెయ్యమని డైరెక్టర్ గారి దగ్గర అప్పుడే మొత్తుకున్నాను."

"విన్నావా! ఆవిడే ఒప్పుకుంటోంది!" హీరోగారి మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో చెయ్యి కూడా ధారాళమైంది. "వీణ్ని లేపెయ్. వీణ్ని చూశాక ఇంక ఏ బొమ్మయినా మనిషిలాగే కనిపిస్తుంది. మిగతావన్నీ ఉంచెయ్, పోనీ పాపం!"

అల్లుడు మీట నొక్కాడు. నాలుగో భటుడు సినిమాలోంచి మాయమయ్యాడు.

ఆవిడ లేచి, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"మర్చిపోయినట్టున్నారు బాబుగారూ, కోటలోకి దొంగచాటుగా దూరడానికి ఇనుప ముసుగు తొడుక్కుని నా బొమ్మల మధ్య నడిచింది మీరే."